‘అవును’ అనే మాటే లేని భాష

[తెర మీద: పక్కపక్కనే రెండు తలుపులు. ఒకదాని మీద ‘ఫిర్’ అని, రెండోదాని మీద ‘మ్నా’ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఉంటుంది]

ఐర్లండ్‌లో ఒక పాత పబ్బుకి వెళ్ళారనుకోండి. బాత్‌రూమ్ ఎక్కడ అని అడిగితే ఇదిగో, ఈ రెండు తలుపుల దగ్గరికి పంపిస్తారు. కొత్తగా వచ్చిన మగాయన ఏమనుకుంటాడు? ఇంగ్లీషు ‘ఎమ్’తో మొదలైంది కాబట్టి ఇదే మనదని ‘మ్నా’ తలుపు తోస్తాడు. లోపల ఆడవాళ్ళుంటారు! ‘మ్నా’ అంటే ఆడవాళ్ళు, ‘ఫిర్’ అంటే మగవాళ్ళు. ఆ దేశానికి వెళ్ళేవాళ్ళు విమానం ఎక్కకముందే నేర్చుకోవాల్సిన ఐరిష్ మాటలు ఈ రెండు.

ఐర్లండ్‌లో చాలామంది రోజూ మాట్లాడేది ఇంగ్లీషే. కానీ 1937 రాజ్యాంగం ప్రకారం ఆ దేశపు మొదటి అధికార భాష ఐరిష్. దాని సొంత పేరు గేల్గె. స్కాట్లండ్‌లోని గేలిక్ దీనికి తోబుట్టువు, వేల్స్ భాష దాయాది. ఇంగ్లీషుతో చుట్టరికం మాత్రం చాలా దూరం.

ఎంత దూరమో చూద్దాం. ఐరిష్‌లో ‘అవును’, ‘కాదు’ అనే మాటలు లేవు. మరి జవాబు ఎలా చెప్తారు?

[తెర మీద: టీ కప్పు. కింద ప్రశ్న, జవాబు]

“అన్ ఓలన్ తూ తే?” అంటే, టీ తాగుతావా? దానికి జవాబు “ఓలిమ్”. తాగుతాను. వద్దనుకుంటే “నీ ఓలిమ్”. తాగను. ప్రశ్నలో ఏ క్రియ ఉంటే జవాబులో ఆ క్రియే తిరిగొస్తుంది.

ఇప్పుడు మన ఇళ్ళలో మాట గుర్తు చేసుకోండి. “అన్నం తిన్నావా?” “తిన్నా.” “బస్సు వచ్చిందా?” “రాలేదు.” మనకు ‘అవును’ ఉంది, అయినా ఇలాంటి చోట దాన్ని వాడాలని మనకు తోచదు.

ఇంకా ఉంది. ‘నా దగ్గర డబ్బుంది’ అని మనం అంటాం. ఇంగ్లీషువాళ్ళకు దానికి ‘హ్యావ్’ అనే వేరే క్రియ ఉంది. ఐరిష్‌లో అలాంటి క్రియ లేదు, మనకూ లేదు. వాళ్ళు “తా అరిగిద్ అగమ్” అంటారు. మాటకు మాట చెప్పాలంటే ‘ఉంది డబ్బు నా దగ్గర’. మాటల వరస తిరగబడింది, అంతే తేడా. భాష వచ్చని చెప్పడానికీ ఇదే పద్ధతి: ‘ఉంది ఐరిష్ నా దగ్గర’. ఇక ఆకలి, కోపం, దుఃఖం లాంటివి మనిషి మీదికి వచ్చి కూర్చుంటాయి. “తా ఒక్రస్ ఒరమ్”, ఆకలి నా మీద ఉంది. ఎవరికైనా క్షమాపణ చెప్పాలన్నా ‘దుఃఖం నా మీద ఉంది’ అనే అంటారు. ‘నాకు ఆకలేస్తోంది’, ‘నాకు కోపం వచ్చింది’ అనే మనకు ఇందులో వింతేమీ ఉండదు. ఈ రెండు భాషలకూ ఏ బంధుత్వమూ లేదు. అయినా ఈ పోలిక చూసిన ప్రతిసారీ నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంత చక్కటి భాష ఇంట్లోంచి ఎలా వెళ్ళిపోయింది?

[తెర మీద: తాడు కట్టిన చిన్న చెక్క కర్ర. దాని మీద వరసగా గాట్లు]

దీన్ని ‘బాటా స్కోర్’ అంటారు, లెక్కల కర్ర. 19వ శతాబ్దంలో పిల్లల మెడలో దీన్ని వేలాడదీసేవారు. పిల్లవాడి నోట ఐరిష్ మాట వస్తే ఒక గాటు. చివర్లో ఎన్ని గాట్లుంటే అన్ని దెబ్బలు. గుండె పిండే సంగతి ఏమిటంటే, ఇంట్లో గాట్లు పెట్టినవాళ్ళలో కన్నవాళ్ళూ ఉన్నారు. బడి ఇంగ్లీషులో, కోర్టు ఇంగ్లీషులో, అమెరికాలో కూలి దొరకాలన్నా ఇంగ్లీషే. బిడ్డ బతకాలని తమ భాషను తామే వాడి నోట్లోంచి లాగేశారు.

ఆ పైన 1845లో బంగాళాదుంపకు తెగులు వచ్చింది. తిండికి దాని మీదే ఆధారపడ్డ పేదలు లక్షల్లో ఉన్నారు. ఆ కరవులో దాదాపు పది లక్షల మంది చనిపోయారు, మరో పది లక్షల మందికి పైగా ఓడలెక్కి వలసపోయారు. ఎక్కువగా దెబ్బతిన్నవి ఐరిష్ మాట్లాడే పడమటి, దక్షిణ పల్లెలే.

1893లో డగ్లస్ హైడ్, మరికొందరు కలిసి గేలిక్ లీగ్ పెట్టి ఊరూరా ఐరిష్ తరగతులు నడిపారు. 1938లో ఐర్లండ్ మొదటి అధ్యక్షుడైంది ఆ హైడే. బ్రిటిష్ పాలన నుంచి స్వాతంత్ర్యం కోసం జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటును ముందుండి నడిపిన పాట్రిక్ పియర్స్ కూడా ఈ భాషా ఉద్యమంలోంచి వచ్చినవాడే.

ఆ రోజుల్లో డబ్లిన్‌లో మన వరాహగిరి వేంకటగిరి లా చదువుతున్నారు. తరువాత మన రాష్ట్రపతి అయిన వి.వి.గిరి గారే. 1913లో వెళ్ళారు, తిరుగుబాటు జరిగిన ఏడాదే దేశం విడిచి వెళ్ళమన్నారు. ఆ తిరుగుబాటు ప్రకటన మీద సంతకం చేసి ప్రాణమిచ్చిన థామస్ మెక్‌డొనా, గిరి గారు చదివిన కాలేజీలోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారు.

[తెర మీద: డబ్లిన్ వీధి, ముందు ‘అన్ లార్’ అని రాసిన బస్సు]

‘అన్ లార్’ అంటే నడిబొడ్డు, ఊరి మధ్య. ప్రధానమంత్రిని ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా ‘తీషఖ్’ అనే పిలుస్తారు. ఊళ్ళ బోర్డుల మీద పైన ఐరిష్, కింద ఇంగ్లీషు. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని చెప్పినవాళ్ళు దాదాపు 18.7 లక్షలు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు మాత్రం 72 వేల మందే. రెండు అంకెల మధ్య అంత అంతరం ఎందుకంటే, బడిలో నేర్చిన మాటకు బయట వాడుక దొరకదు.

అందుకే వేసవిలో వేలమంది పిల్లలను గేల్తాఖ్త్‌కి, అంటే ఐరిష్ ఇంకా ఇంటి భాషగా ఉన్న పల్లెలకు పంపిస్తారు. మూడు వారాలు అక్కడే ఒక ఇంట్లో ఉండాలి. ఆ ఇల్లాలిని ‘బాన్ అన్ తీ’ అంటారు. ఇంగ్లీషులో మాట్లాడితే ఇంటికి పంపేస్తామని ముందే హెచ్చరిస్తారు. మొదటి రోజు పొద్దున్నే ఆవిడ కెటిల్ పట్టుకుని వచ్చి “అన్ ఓలన్ తూ తే?” అని అడుగుతుంది. నగరం నుంచి వచ్చిన పిల్ల ‘అవును’ కోసం బుర్రంతా వెతుక్కుంటుంది, దొరకదు. చివరికి మెల్లగా అంటుంది:

“ఓలిమ్.”