అమ్మమ్మ వేలి మీద నొక్కు

అందరికీ నమస్కారం.

చిన్నప్పుడు మా అమ్మమ్మకి కాళ్లు పట్టేదాన్ని. బొటనవేలి పక్క వేలికి చుట్టూ ఒక నొక్కు ఉండేది. అక్కడ చర్మం తెల్లగా, నున్నగా తగిలేది. "ఏంటమ్మమ్మా ఇది?" అంటే, "మట్టెల గుర్తే తల్లీ" అనేది. మట్టెలు మాత్రం లేవు. తాతయ్య పోయి అప్పటికే చాలా ఏళ్లయింది.

మన ఇళ్లలో ఆడపిల్ల వయసు నగలే చెబుతాయి. పురిటి బిడ్డ చేతికి దిష్టి పూసలు కడతారు. నడక రాగానే కాళ్లకి మువ్వల పట్టీలు వేస్తారు. పిల్ల ఏ గదిలో తిరుగుతోందో వంటింట్లో ఉన్న తల్లికి వాటి చప్పుడే చెబుతుంది. చెవులు కుట్టించేటప్పుడు మేనమామ ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. ఓణీ వేసే నాటికి బుట్టకమ్మలు, జడగంటలు వస్తాయి.

పెళ్లి దగ్గర కాస్త ఆగాలి. మన తాళికి రెండు బిళ్లలు. ఒకటి పుట్టింటివాళ్లు చేయిస్తారు, ఒకటి అత్తింటివాళ్లు. చాలా ఇళ్లలో పదహారు రోజుల పండగనాడు రెండింటినీ నల్లపూసలతో కలిపి గుచ్చుతారు. బెంగాల్లో శంఖం గాజులు, పోలా అనే ఎర్రటి గాజులు. కాశ్మీరీ పండిట్లకి చెవి నుంచి వేలాడే దేఝూర్. హైదరాబాదు ముస్లిం పెళ్లికూతురికి మెళ్లో లచ్ఛా అనే నల్లపూసల హారం. తర్వాత సీమంతానికి మోచేతుల దాకా గాజులు.

నగ ఆస్తి కూడా. మా అమ్మ కాసులపేరులోంచి ఒక్కో కాసు తీసి అమ్మి అన్నయ్య కాలేజీ ఫీజులు కట్టింది. స్త్రీధనం, అంటే ఆడపిల్లకి పెట్టిన నగలూ డబ్బూ, పూర్తిగా ఆమె సొంతమనీ, భర్తకి గానీ అత్తింటికి గానీ అందులో వాటా లేదనీ 1985లో ప్రతిభా రాణి కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పెళ్లికి నగలు పెట్టే ప్రతి తల్లీ కూతురికి ఈ మాట కూడా చెప్పి పంపాలి.

ఇప్పుడు నాకు నిజంగా బాధ కలిగించే సంగతి. దిష్టి పూసల నుంచి తాళి దాకా అన్నీ ఎవరో ఒకరు ఆమెకి పెట్టినవే. తీసేదీ వాళ్లే. తాతయ్య పోయిన పదో రోజున అమ్మమ్మ రెండు చేతులూ చాపి కూర్చుంటే చుట్టాలే గాజులు పగలగొట్టారట. ఈ సంగతి చెప్పినప్పుడల్లా అమ్మ తన గాజులు తడుముకునేది.

1881 డిసెంబరు 11న వీరేశలింగం గారు రాజమండ్రిలో తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించారు. తీసేసిన తాళి మళ్లీ మెడలోకి వచ్చిన రోజది. అయినా గాజులు పగలగొట్టడం ఆగలేదు. 2022 మేలో మహారాష్ట్రలోని కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ పంచాయతీ ఈ తంతు వద్దని తీర్మానం చేసింది. మన ఊళ్లలోనూ అలాంటి తీర్మానాలు రావాలి. అంతకంటే ముందు మన ఇళ్లలో భర్త పోయిన ఆమెని ఒక్క మాట అడగాలి.

నాన్న పోయినప్పుడు మేం అడిగాం: "అమ్మా, నువ్వేమంటావు?" అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తాళి తనే తీసి దేవుడి గదిలో పెట్టింది. మట్టెలు, గాజులు ఉంచుకుంది. చుట్టాలు ఏదో అనబోతే, "గాజులు నాకు చిన్నప్పటి నుంచీ ఉన్నాయి" అంది.

ఇప్పటికీ పొద్దున్నే లేవగానే అమ్మ ఏ గదిలో ఉందో ఆ చప్పుడుని బట్టే తెలుసుకుంటాను.