బడి గేటు ముందు రోడ్డు: డిగ్రీ పిలకాయల ప్రాజెక్టుకి అసలైన పని

(తెర మీద: నెల్లూరులో బడి వేళ. గేటు ముందు బైకులు, ఆటోలు, వ్యాన్లు కిక్కిరిసి ఉన్నాయి. వాటి సందుల్లోంచి ఒక చిన్న పాప బ్యాగు సర్దుకుంటూ దారి వెతుక్కుంటోంది.)

వ్యాఖ్యాత: అందరికీ నమస్తే. ఈ వీడియో ముఖ్యంగా డిగ్రీ చదివే పిలకాయల కోసం. మొదటి సంవత్సరం అయిపోగానే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాలి కదా, 180 గంటలు! నెల్లూరు విక్రమ సింహపురి యూనివర్సిటీ కాలేజీలైనా, ఒంగోలు ఆంధ్రకేసరి యూనివర్సిటీ కాలేజీలైనా అంతే. చాలామంది ప్లాస్టిక్ మీదో, పారిశుద్ధ్యం మీదో సర్వే పెట్టుకుంటారు. ఫారాలు నింపుతారు, లాగ్‌బుక్‌లో సంతకం తీసుకుంటారు, ఆ ఫైలు బీరువాలోకి పోతుంది. అదే 180 గంటల్లో మీ ఊరి బడికి పిల్లలు నడిచి, సైకిల్ తొక్కి భయం లేకుండా వెళ్లేలా చేయొచ్చు. ఎలాగో చూద్దాం.

(తెర మీద: చేల మధ్య రోడ్డు. ముగ్గురు పిల్లలు వరసగా నడుస్తున్నారు. వెనక నుంచి లారీ హారన్.)

వ్యాఖ్యాత: విద్యాహక్కు చట్టం నియమాల ప్రకారం ప్రాథమిక పాఠశాల ఇంటికి కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్ల లోపు ఉండాలి. అంటే పిల్లలు నడిచి వస్తారనే లెక్కతోనే బడి పెట్టారు. మరి ఆ నడకకు దారి ఉందా అని చూసినవాళ్లు తక్కువ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. ఇది కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన లెక్క.

ఇలాంటి ప్రాజెక్టు అనగానే అందరికీ తట్టేది ర్యాలీ, ప్లకార్డులు, పిల్లలకు ఒక క్లాసు. అవి చేయొద్దని అనను. కానీ ఏడేళ్ల పిల్లకు ఎదురొచ్చే బండి వేగం అంచనా అందదు. ఎంత చెప్పినా ఆ వయసుకు అది రాదు. జాగ్రత్త భారమంతా ఆ పిల్ల నెత్తిన పెట్టి మనం చేతులు దులుపుకోవడం అన్యాయం. మారాల్సింది ముందు రోడ్డు, ఆ తర్వాత బండి నడిపే పెద్దవాళ్లు.

డెన్మార్క్‌లో ఓడెన్స్ అనే ఊరు 1970ల్లో ఈ పని మొదలుపెట్టింది. పిల్లలు ఎక్కడ భయపడుతున్నారో కనుక్కుని, ఆ చోట్లనే బాగుచేసుకుంటూ పోయారు. అమెరికాలో 1969లో దాదాపు 48 శాతం పిల్లలు నడిచో, సైకిల్ మీదో బడికి వెళ్లేవాళ్లు. 2009కి అది 13 శాతానికి పడిపోయింది. వాళ్లు 2005లో దీనికంటూ జాతీయ స్థాయి కార్యక్రమం పెట్టుకున్నారు. కొన్ని ఊళ్లలో యువతను ఇంటర్న్‌లుగా తీసుకుని ఇదే పని అప్పగిస్తున్నారు. మన దగ్గర ఇంకా బోలెడుమంది పిల్లలు నడుస్తూనే ఉన్నారు. వాళ్లు మానుకోకముందే మనం దారి చూసుకోవాలి.

(తెర మీద: రోడ్డు పక్కన సుద్దముక్కతో గీత గీస్తున్న ఇద్దరు అమ్మాయిలు. చేతిలో టేపు.)

వ్యాఖ్యాత: మొదటి పని వేగం కొలవడం. పోలీసుల స్పీడ్ గన్ అక్కర్లేదు, టేపు, సుద్దముక్క, ఫోను చాలు. గేటుకు దగ్గర్లో రోడ్డు వారగా ఒక గీత గీయండి. అక్కడి నుంచి సరిగ్గా 50 మీటర్లకు ఇంకో గీత. ఒకరు మొదటి గీత దగ్గర నిలబడి, బండి గీత దాటగానే చేయి ఎత్తాలి. రెండో గీత దగ్గరున్నవాళ్లు ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, బండి తమను దాటగానే ఆపాలి. ఆరు సెకన్లు పడితే ఆ బండి వేగం గంటకు 30 కిలోమీటర్లు. మూడే సెకన్లు పడితే 60.

పిల్లలు నడిచే చోట 30 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎందుకో లెక్క చూడండి. 30లో వస్తున్న కారు, డ్రైవరు చూసి బ్రేకు తొక్కి ఆగేసరికి పొడి రోడ్డు మీద సుమారు 13 మీటర్లు పోతుంది. 60లో వస్తే 35 మీటర్ల పైనే. బంతి కోసం పరుగెత్తిన పిల్లవాడికీ ఆ బండికీ మధ్య 20 మీటర్లే ఉందనుకోండి. మొదటి కారు ఆగుతుంది, రెండోది ఆగదు.

ఈ కొలత ఎప్పుడూ ఇద్దరికి తగ్గకుండా చేయండి, రోడ్డు దిగకుండా చేయండి. బండ్లు ఆపే అధికారం పోలీసులదే, మనం చేయి అడ్డం పెట్టకూడదు. పిల్లల ముఖాలు ఫోటో తీయొద్దు.

(తెర మీద: ఫోన్ నడుం ఎత్తున పట్టుకుని తీసిన దృశ్యం. అంతా కార్ల తలుపులు, బైకు సైలెన్సర్లు.)

వ్యాఖ్యాత: రెండో పని ఇదిగో, ఇది. ఒకటో తరగతి పిల్లవాడి కంటి ఎత్తున ఫోన్ పట్టుకుని గేటు నుంచి రోడ్డు దాకా నడవండి. మూడున్నర అడుగుల ఎత్తు అనుకోండి. ఆగి ఉన్న కారు, ఆటో వెనక నుంచి రోడ్డు కనపడదు. డ్రైవరుకు ఆ పిల్లవాడూ కనపడడు. ఈ వీడియో సర్పంచ్‌కి, హెడ్‌మాస్టర్‌కి, తల్లిదండ్రులకు చూపించండి. పది పేజీల రిపోర్టు చెప్పలేనిది ఇది చెబుతుంది. గేటు ముందు ఆ రద్దీ చేసేది చాలావరకు సొంత పిల్లల్ని దించడానికొచ్చిన పెద్దవాళ్లేనని అప్పుడు వాళ్లకే అర్థమవుతుంది. గేటుకు వంద మీటర్ల అవతల దించి నడిపించండని అడిగితే అప్పుడు వింటారు.

ఇక మన జిల్లాల సంగతి. కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం, విడవలూరు వైపు కోతల రోజుల్లో రోడ్డు మీదే వడ్లు ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. సగం రోడ్డు పోతుంది, సైకిల్ చక్రం వడ్ల మీద జారుతుంది. రైతును తప్పుపట్టి లాభం లేదు, కళ్లం లేకపోతే ఆయన ఎక్కడ పోసుకుంటాడు? బడి వైపు ఉన్న ముక్క ఒక్కటి వదిలిపెట్టండని ఇంటికెళ్లి అడగాలి. ఒంగోలు, చీమకుర్తి మధ్య అయితే గ్రానైట్ లారీలు. అక్కడ బడి మొదలయ్యే, వదిలే అరగంట లారీలు నెమ్మదిగా పోయేలా చూడమని పోలీసులను అడగాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానాకాలం. అండర్‌బ్రిడ్జిల్లో నీళ్లు నిలవడం నెల్లూరులో అందరం చూసేదే. జాతీయ రహదారి మీద స్పీడ్ బ్రేకర్లు వేయరు కాబట్టి అక్కడ పిల్లలకు అండర్‌పాసే దిక్కు. అందులో లైటు వెలుగుతోందా, నీళ్లు పోతున్నాయా అన్నది మీ నోట్సులో ఉండాలి.

సమయం గురించి ఒక మాట. ప్రాజెక్టు ఎక్కువగా వేసవిలో పడుతుంది, అప్పుడు బళ్లకు సెలవులు. అందుకే కొలతలు ఒంటిపూట బడుల రోజుల్లోనే మొదలుపెట్టండి. మధ్యాహ్నం పన్నెండున్నరకు, నెత్తిన ఎండతో పిల్లలు ఇంటికి నడిచే రోజులవి. నీడ ఎక్కడ లేదో కూడా తెలుస్తుంది. సెలవుల్లో అధికారులకు ఉత్తరాలు, మీటింగులు చూసుకోండి. జూన్ 12న బళ్లు తెరిచాక మిగిలిన గంటలు వాడుకోండి. గంటల్ని ఇలా విడదీయడానికి మీ మెంటర్‌ని ముందే ఒప్పించుకోవాలి.

(తెర మీద: సైకిల్ వెనక మడ్‌గార్డుకు ఎర్ర రిఫ్లెక్టర్ అంటిస్తున్న చేయి.)

వ్యాఖ్యాత: సైకిళ్ల దగ్గరికొద్దాం. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్క కడితే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని తేలింది. మన రాష్ట్రంలోనూ బడికొస్తా పేరుతో హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లిచ్చారు. ఆ సైకిల్ బ్రేకు ఊడి మూలన పడితే ఆ అమ్మాయి చదువు మీద దెబ్బ పడుతుంది. ఊళ్లో పంచర్ షాపు ఆయన్ని ఒక శనివారం బడికి పిలవండి. గాలి, బ్రేకులు, చైను, బెల్లు చూసి, వెనక రిఫ్లెక్టర్ అంటిస్తే సగం టెన్షన్ పోతుంది.

సైకిల్ బదులు స్కూటీ ఇచ్చే తల్లిదండ్రులకు మాత్రం చట్టం చెప్పాల్సిందే. మైనర్ బండి నడిపి పట్టుబడితే, 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో బండి ఓనరుకో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు.

చిన్నపిల్లలకు నడక బస్సు పెట్టండి. ఒకే దారి, ఒకే టైము, ముందు ఒక పెద్దమనిషి, వెనక ఒకరు, ఇంటింటి దగ్గర పిల్లలు కలుస్తూ పోతారు. ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనపడేలా నడిపించాలి.

(తెర మీద: చేత్తో గీసిన మ్యాప్. మూడు చోట్ల ఎర్ర చుక్కలు.)

వ్యాఖ్యాత: ఉత్తరం ఎవరికి రాయాలో తెలియక చాలా ప్రాజెక్టులు ఆగిపోతాయి. జాతీయ రహదారి అయితే హైవే అథారిటీ, జిల్లా రోడ్డు అయితే ఆర్ అండ్ బీ (రోడ్లు, భవనాల శాఖ), పల్లె రోడ్డు అయితే పంచాయతీరాజ్ ఇంజినీర్లు, టౌన్‌లో అయితే మున్సిపాలిటీ. రోడ్డు ఎవరిదో తేలకపోతే మీ ఊరి సచివాలయంలో ఇంజినీరింగ్ అసిస్టెంట్‌ని అడగండి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి కలెక్టరే అధ్యక్షులు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అడ్డంకులు లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ మాట అర్జీలో రాయండి. రోడ్డంతా బాగుచేయమని అడగొద్దు. మూడే అడగండి: గేటుకు ముందు స్పీడ్ బ్రేకర్, దాని మీద తెల్ల పెయింటు, బడి ఉందని చెప్పే బోర్డు. పెయింటు లేని స్పీడ్ బ్రేకర్ సైకిల్‌వాళ్లనే పడేస్తుంది, అది మరిచిపోవద్దు.

పని జరిగాక అదే 50 మీటర్ల గీతల దగ్గర, అదే వేళకు మళ్లీ కొలవండి. ముందు ఎన్ని సెకన్లు, ఇప్పుడు ఎన్ని సెకన్లు అన్న పట్టిక ఒకటి మీ రిపోర్టులో పెట్టండి, ఒకటి హెడ్‌మాస్టర్ గారికివ్వండి. వచ్చే ఏడు మీ జూనియర్లు అక్కడి నుంచే మొదలుపెడతారు.