అడవి జంతువుకి ట్రాకింగ్ కాలర్: డిజైన్ మెడ దగ్గర మొదలవ్వాలి

నమస్కారం అండి.

2019 ఫిబ్రవరిలో మహారాష్ట్రలోని టిపేశ్వర్ అభయారణ్యంలో ఒక కుర్ర మగపులికి మత్తు ఇచ్చి మెడలో జీపీఎస్ కాలర్ కట్టారు. టిపేశ్వర్ మనకి దూరమేం కాదు, పెన్‌గంగ దాటితే ఆదిలాబాద్ జిల్లా. ఆ జూన్‌లో పులి పుట్టిన అడవిని వదిలి నడక మొదలుపెట్టింది. మహారాష్ట్ర జిల్లాలు, మధ్యలో మన తెలంగాణ, పొలాలు, కాలువగట్లు, రోడ్లు దాటుకుంటూ తొమ్మిది నెలల్లో సుమారు 3,000 కిలోమీటర్లు తిరిగింది. చివరికి బుల్‌ఢాణా జిల్లాలోని జ్ఞానగంగ అభయారణ్యం చేరి అక్కడ ఆగింది. దానికి వాకర్ అని పేరు పెట్టారు. ఆ ప్రయాణంలో 5,000కి పైగా చోట్లు కాలర్‌లో నమోదయ్యాయి. పులి ఏ వాగు వెంట నడుస్తుంది, ఏ రోడ్డు ఎక్కడ దాటుతుంది అన్నది మనకి తెలిసింది ఆ పట్టీ వల్లే.

ఎలక్ట్రానిక్స్ చదివే పిల్లలు చాలామంది ఇలాంటి కాలర్‌ని ప్రాజెక్టుగా ఎంచుకుంటున్నారు. చాలా మంచి విషయం. కానీ దాదాపు అందరూ మొదట ఆలోచించేది ఏ జీపీఎస్ మాడ్యూల్ కొనాలి, ఏ మైక్రోకంట్రోలర్ వాడాలి అనే. నా అభిప్రాయం వేరు. మొదట ఆ జంతువు మెడ చూడండి. మెడ ఎంత ఒప్పుకుంటే అంతలోనే మిగతావన్నీ సర్దుకోవాలి.

బరువుతో మొదలుపెడదాం. కాలర్ బరువు జంతువు బరువులో 3 శాతం దాటకూడదని చాలామంది శాస్త్రవేత్తలు పాటిస్తారు, కొందరు 5 శాతం దాకా ఒప్పుకుంటారు. 200 కిలోల పులికి 3 శాతం అంటే 6 కిలోలు, అంత బరువు ఎవరూ పెట్టరు, అవసరం కూడా లేదు. అదే 3 కిలోల గుంటనక్కని తీసుకోండి. 90 గ్రాములు! బెల్టు, డబ్బా, బోర్డు, యాంటెన్నా, బ్యాటరీ అన్నీ కలిపి అంతే. డి సైజు (పెద్ద టార్చిలైట్‌లో వేసే లావు సైజు) లిథియం సెల్ ఒక్కటే సుమారు 90 గ్రాములు ఉంటుంది. అంటే నక్క కాలర్‌కి ఆ సెల్ మొదటి రోజే పక్కకి పోయింది. కాబట్టి జంతువు పేరు చెప్పకుండా కాలర్ డిజైన్ అనే మాటే లేదు.

తర్వాత ఆకారం. మగ ధ్రువపు ఎలుగుబంటికి మెడ తలకంటే లావు, ఏం కట్టినా జారిపోతుంది. అందుకే ఆ జాతిలో ఆడవాటికే కాలర్లు కడతారు. ఎదిగే వయసులో ఉన్న కుర్ర పులికి ఇవాళ సరిపోయేలా కడితే ఏడాదికి బిగుసుకుంటుంది. వదులుగా కడితే ముందు కాలు అందులో ఇరుక్కుంటుంది. ఏనుగుకైతే బెల్టు అడుగున బరువు వేలాడదీస్తారు. ఆ బరువు కిందికి లాగుతూ ఉంటేనే జీపీఎస్ యాంటెన్నా మెడ పైన, ఆకాశం వైపు నిలబడుతుంది. ఒంటికి ఆనుకుని కిందకి తిరిగిందంటే ఆ ఒళ్ళే సిగ్నల్‌ని మింగేస్తుంది.

ఇప్పుడు బ్యాటరీ. టెన్షన్ అంతా ఇక్కడే. కాగితం మీద లెక్క వేద్దాం. డి సైజు లిథియం థయోనిల్ క్లోరైడ్ సెల్‌లో సుమారు 17,000 మిల్లీ ఆంపియర్ అవర్లు (బ్యాటరీ నిల్వకి కొలత) ఉంటాయి. జీపీఎస్ ఒకసారి చోటు పట్టడానికి 30 మిల్లీ ఆంపియర్లు ఒక నిమిషం పాటు తాగిందనుకుందాం. అంటే అర మిల్లీ ఆంపియర్ అవర్. గంటకోసారి అయితే రోజుకి 12. ఈ లెక్కన దాదాపు నాలుగేళ్ళు రావాలి. రాదు. దట్టమైన చెట్ల కింద, లోయల్లో అదే పనికి మూడు నిమిషాలు పడితే నాలుగేళ్ళు కాస్తా ఏడాది మీద కొన్ని నెలలకి దిగిపోతుంది. శాటిలైట్‌కి పంపే ఖర్చు ఇంకా కలపనే లేదు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఉంది. బ్యాటరీ మిగలాలని గంటకోసారి కాకుండా ఆరు గంటలకోసారి చోటు పట్టమని ప్రోగ్రాం రాస్తారు. ఖర్చు ఆరో వంతుకి పడిపోతుందని అనుకుంటారు. కానీ ప్రతి జీపీఎస్ ఉపగ్రహం తన కక్ష్య వివరాలని ప్రసారం చేస్తూ ఉంటుంది. అవి దించుకోవడానికే సుమారు 30 సెకన్లు పడుతుంది, దించుకున్నవి దాదాపు నాలుగు గంటలు పనికొస్తాయి. గంటకోసారి లేచే కాలర్ దగ్గర ఆ వివరాలు తాజాగా ఉంటాయి కాబట్టి కొన్ని సెకన్లలోనే పని ముగించి పడుకోగలదు. ఆరు గంటలకోసారి లేచేది ప్రతిసారీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఎంత తరచుగా లేపాలన్నది జంతువు నడకని బట్టి, ఈ నాలుగు గంటల గడువుని బట్టి కలిపి నిర్ణయించండి.

ఇంకోటి, ఈ లిథియం సెల్ కరెంటుని నెమ్మదిగా ఇచ్చే రకం. శాటిలైట్ మోడెమ్ ఒక్కసారిగా ఆంపియర్‌కి మించి అడిగితే వోల్టేజ్ కూలబడి బోర్డు రీసెట్ అవుతుంది. కరెంటుని కూడబెట్టి ఒక్కసారిగా ఇచ్చే మంచి కెపాసిటర్ పక్కన ఉండాల్సిందే.

సమాచారం పంపడం సంగతి. వాకర్ లాంటి జంతువుకి ఇరిడియం లాంటి శాటిలైట్ వ్యవస్థే దిక్కు, అది ఎటు పోతుందో మనకి తెలియదు కాబట్టి. 66 ఉపగ్రహాల వ్యవస్థ అది, సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతాయి. వాటి చిన్న మోడెమ్‌తో ఒక్కో సందేశంలో 340 బైట్లు పంపొచ్చు. ఒక్కో చోటుని 10 బైట్లలో ఇమిడిస్తే రోజంతా తీసిన 24 చోట్లూ ఒక్క సందేశంలో వెళ్ళిపోతాయి.

చిత్తూరు, పార్వతీపురం మన్యం వైపు ఏనుగులకి మాత్రం రోజుకో సందేశం చాలదు. రాత్రి చెరకుతోటలోకి మంద దిగాక పొద్దున మెసేజ్ వస్తే రైతుకి ఏం లాభం? ఊరి పొలిమేర అక్షాంశ రేఖాంశాలు కాలర్ మెమరీలోనే పెట్టి, ఏనుగు ఆ గీత దగ్గరికి రాగానే వెంటనే కబురు పంపేలా రాయాలి. దీనికి లోరా, అంటే తక్కువ బ్యాటరీతో చిన్న సందేశాలని దూరం పంపే రేడియో పద్ధతి, బాగుంటుందని నేను నమ్ముతాను. మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ వరకు లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. గుట్ట మీద వాచ్‌టవర్‌కి ఒక గేట్‌వే (కాలర్ల సందేశాలు అందుకునే పెట్టె) పెడితే ఎదురుగా అడ్డం లేనంత మేర కిలోమీటర్ల దూరం అందుతుంది. గుట్ట అడ్డొస్తే ఆగిపోతుంది, కాబట్టి గేట్‌వే ఎక్కడ పెట్టాలో ఆ అడవి తిరిగిన అటవీ శాఖ బీట్ సిబ్బందిని అడిగి తేల్చుకోండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది. 2023 జూలైలో మధ్యప్రదేశ్‌లోని కూనో నేషనల్ పార్కులో, ఆఫ్రికా నుంచి తెచ్చిన తేజస్, సూరజ్ అనే రెండు మగ చీతాలు కొన్ని రోజుల తేడాలో చనిపోయాయి. మెడ దగ్గర కాలర్ కింద పుండ్లు, వాటిలో పురుగులు కనిపించాయి. నిపుణులు చెప్పిన కారణం ఇది: దక్షిణార్ధగోళంలో జూన్ నుంచి చలికాలం. అక్కడి నుంచి వచ్చిన చీతాలకి ఇక్కడ కూడా అదే నెలల్లో ఒంటి మీద ఒత్తుగా బొచ్చు పెరిగింది. ఇక్కడేమో అప్పుడు వానాకాలం. బెల్టు కింద తడి ఆరలేదు, ఈగలు వాలాయి, ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకింది. ఇందులో కాలర్ పాత్ర ఎంత అన్న దాని మీద వాదన నడిచింది. మిగతా చీతాలని పట్టి, కాలర్లు తీసి వైద్యం చేశారు.

ఎద్దు మెడ మీద కాడి ఒరుసుకుని పుండు పడటం మన రైతులకి తెలిసిందే. కానీ రైతు సాయంత్రం కాడి దించి మెడ తడిమి చూసుకుంటాడు. అడవిలో దించి చూసే చెయ్యి లేదు. అందుకే బెల్టు నీళ్ళు పీల్చే గుడ్డతో ఉండకూడదు. మెత్తగా ఉంటుందని లోపల స్పాంజి అసలు వెయ్యకండి, అది తడిని పట్టి ఉంచుతుంది. అంచులు గుండ్రంగా, లోపలి వైపు నున్నగా, బోల్టు తలలు బయటికి ఉండాలి. ముందుగా జూలోని అదే జాతి జంతువుకి కట్టి, ఒక వానాకాలం గడిచాక మెడ చూడండి.

ఇక కాలర్ తనంతట తాను ఊడిపోవాలి. టైమర్‌తోనో రేడియో ఆదేశంతోనో తెరుచుకునే తాళం పెట్టండి. దానికి విడిగా చిన్న బ్యాటరీ ఉండాలి, పెద్ద బ్యాటరీ అయిపోయినా ఈ పని ఆగకూడదు. ఆ తాళం కూడా మొరాయిస్తే? బెల్టులో ఒకచోట నూలు ముక్క అతుకుగా వేస్తారు, ఎండకి వానకి అది చివికి తెగిపోతుంది. ఈ నూలు ముక్క నాకు చాలా ఇష్టమైన డిజైన్. ఇందులో ఏ సర్క్యూట్ పనిచేయాల్సిన అవసరమూ లేదు.

చివరగా భద్రత. 2013లో మధ్యప్రదేశ్‌లో కాలర్ ఉన్న ఒక పులి వివరాలు వచ్చే ఈమెయిల్ ఖాతాలోకి చొరబడటానికి ఎవరో ప్రయత్నించారు. లోపలికి వెళ్ళలేకపోయారు. వెళ్ళినా ఆ డేటా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే కీ లేనివాళ్ళు చదవలేని రూపంలో ఉంది. మీరూ ప్రతి కాలర్‌కి వేరే కీ పెట్టండి, లైవ్ లొకేషన్ ఏ వెబ్ పేజీలోనూ చూపించకండి. సిబ్బంది జంతువుని వెతకడానికి కాలర్ పంపే రేడియో మోత, అంటే మామూలు వీహెచ్ఎఫ్ బీకన్‌ని ఎన్‌క్రిప్ట్ చేయలేం, రిసీవర్, దిక్కు చూపే యాగి యాంటెన్నా ఉన్న ఎవరికైనా వినిపిస్తుంది. అందుకే అది రోజంతా మోగనవసరం లేదు. సిబ్బంది అడవిలో తిరిగే నాలుగు గంటలు చాలు, బ్యాటరీ కూడా మిగులుతుంది. జంతువు కొన్ని గంటలుగా కదలడం లేదని సెన్సర్ చెప్పినప్పుడు మాత్రం టైమింగ్‌తో సంబంధం లేకుండా, రెట్టింపు వేగంతో మోగుతూనే ఉండాలి.