డాట్ తర్వాత మాటకి పూచీ ఎవరిది?

(బెంగళూరు స్టూడియోలో జరిగిన చర్చ నుంచి కొంత భాగం. పాల్గొన్నవారు: సైబర్ కేసులు చూసే న్యాయవాది, మారతహళ్ళిలో డొమైన్లు, హోస్టింగ్ అమ్మే వ్యాపారి, రిటైరైన బ్యాంకు మేనేజర్.)

యాంకర్: డాట్ కామ్, డాట్ ఇన్ అందరికీ తెలుసు. డాట్ తర్వాత వచ్చే ఆ మాటనే ఎక్స్‌టెన్షన్ అంటారు. కొత్తది కావాలని దరఖాస్తు పెట్టే కంపెనీలు ప్రజాహితం కోసం ఫలానావి చేస్తామని రాసిస్తాయి. ఆ రాతకి విలువెంత? లాయర్ గారూ, మీరు మొదలుపెట్టండి.

న్యాయవాది: 2012లో ఐకాన్, అంటే ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసే అంతర్జాతీయ సంస్థ, దరఖాస్తులు పిలిస్తే 1,930 వచ్చాయి. ఒక్కోదానికి ఫీజు 1,85,000 డాలర్లు. అందులో డాట్ రామ్ ఒకటి.

మేనేజర్: రామ్ అంటే మన రాముడా?

న్యాయవాది: కాదండీ, క్రైస్లర్ వాళ్ళ ట్రక్కు బ్రాండు! మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. రిలయన్స్ అడిగిన డాట్ ఇండియన్స్ మీదా చెప్పింది. ఆ రెండూ చివరికి రాలేదు. ఇలాంటి అభ్యంతరాలు వేరే దేశాల నుంచీ వచ్చాయి. దరఖాస్తులో ఎన్నో చెప్పి తర్వాత ఎగ్గొడితే ఎలా అని ప్రభుత్వాలు అడిగాయి. అప్పుడు, 2013లో, ఐకాన్ ఈ హామీల పద్ధతి తెచ్చింది. పబ్లిక్ ఇంటరెస్ట్ కమిట్‌మెంట్స్, పొట్టిగా పిక్స్ అంటారు. కంపెనీ ఐకాన్‌తో చేసుకునే ఒప్పందంలో స్పెసిఫికేషన్ 11 అనే భాగం కింద ఉంటాయి.

యాంకర్: అంటే మన బెంగళూరులో బిల్డర్ బ్రోచర్‌లో చూపించిన క్లబ్‌హౌస్ సేల్ అగ్రిమెంట్‌లోకి ఎక్కినట్టు.

వ్యాపారి: ఎక్కింది సరే మేడం, కింద చిన్న అక్షరాలు చూశారా? ఈ హామీలను మార్చుకునే హక్కు మాకుంటుంది అని అప్పట్లో కొన్ని కంపెనీలు రాసుకున్నాయి.

న్యాయవాది: అది కంపెనీలు తమంతట తాము ఇచ్చే హామీల సంగతి. అందరికీ తప్పనిసరి అయినవి వేరే ఉన్నాయి. వాటిలో 3ఎ అనే క్లాజు వినండి. రిజిస్ట్రీ, అంటే ఆ ఎక్స్‌టెన్షన్‌ని నడిపే సంస్థ, అందులో పేర్లు అమ్మే రిజిస్ట్రార్లతో చేసుకునే ఒప్పందంలో ఒక షరతు పెట్టాలి. రిజిస్ట్రార్లు మళ్ళీ తమ కస్టమర్ల ఒప్పందంలో ఇంకో షరతు పెట్టాలి: ఫిషింగ్, మాల్వేర్, మోసం, నకిలీ సరుకు లాంటివి కుదరవు, చేస్తే డొమైన్ సస్పెండ్ చేసే దాకా పోతాం అని. ఆ క్లాజు ప్రకారం రిజిస్ట్రీ పని ఆ వాక్యం రాయించడంతో అయిపోతుంది.

వ్యాపారి: ఆ వాక్యం చివరికి వచ్చి పడేది మా కౌంటర్ మీదే. కస్టమర్ ఐ అగ్రీ మీద టిక్ కొట్టి యూపీఐ చేసేస్తాడు. కూర్చుని చదివినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి!

మేనేజర్: మరి మాట తప్పితే?

న్యాయవాది: నష్టపోయినవాళ్ళు ఐకాన్‌కి ఫిర్యాదు ఇవ్వొచ్చు. అవసరమైతే ప్యానెల్ చూస్తుంది. డాట్ ఫీడ్‌బ్యాక్ కేసు అలాగే నడిచింది. పెద్ద బ్రాండ్లు ఫిర్యాదు చేస్తే, పాలసీలు పారదర్శకంగా నడపలేదని తేలి, 2017 మార్చిలో ఆ రిజిస్ట్రీకి ఉల్లంఘన నోటీసు వెళ్ళింది. ఆ బ్రాండ్లకి లాయర్లున్నారు. మామూలు మనిషికి స్పెసిఫికేషన్ 11 ఉందనే తెలియదు కదా.

మేనేజర్: నన్నడిగితే హామీ కంటే తలుపు దగ్గరే ఆపడం మేలు. మన ఆర్‌బీఐ అదే చేసింది. బ్యాంకులన్నీ బ్యాంక్ డాట్ ఇన్‌కి మారాలంది, 2025 అక్టోబర్ 31 గడువు పెట్టింది. రిజిస్ట్రేషన్ హైదరాబాద్‌లో ఆర్‌బీఐ పెట్టిన బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ ఐడీఆర్‌బీటీ ద్వారానే. బ్యాంకు కానివాడికి పేరే దొరకదు.

వ్యాపారి: సార్, అది డాట్ ఇన్ కింద మన దేశం సొంత ఏర్పాటు, ఐకాన్ ఒప్పందంతో పని లేదు. పైగా బ్యాంకుకి లైసెన్సు ఉంది కాబట్టి చెక్ చేయడం తేలిక. డాట్ షాప్‌లో ఎవరిని ఆపుతారు? మా దగ్గరికొచ్చే చీరల కొట్టువాళ్ళకి అన్ని పత్రాలు అడిగితే ఇన్‌స్టాలోనే అమ్ముకుంటాం పొమ్మంటారు.

యాంకర్: హామీ ఇచ్చినా ఐకాన్ ఒప్పుకోని సందర్భం ఉందా?

న్యాయవాది: పెద్దదే ఉంది. డాట్ ఆర్గ్‌ని నడిపే సంస్థని 113.5 కోట్ల డాలర్లకి ఎథోస్ క్యాపిటల్ అనే పెట్టుబడి కంపెనీ కొనబోయింది. గొడవ లేచాక, ధరలు ఇంతకు మించి పెంచం అంటూ హామీలు ముందుకు తెచ్చారు. అయినా 2020 ఏప్రిల్ 30న ఐకాన్ కుదరదంది. కాగితం మీద హామీ బాగుందని అనుమతి ఇచ్చేసి ఉంటే, తర్వాత ధరల కోసం ఏళ్ళ తరబడి కొట్లాడాల్సి వచ్చేదని నా అభిప్రాయం.

యాంకర్: కొత్త రౌండ్‌లో ఏమైనా మారిందా?

న్యాయవాది: ఫీజు 2,27,000 డాలర్లయింది. స్వచ్ఛందంగా ఇచ్చే హామీలను ఇప్పుడు రిజిస్ట్రీ వాలంటరీ కమిట్‌మెంట్స్, పొట్టిగా ఆర్‌వీసీలు అంటున్నారు. వాటిని ముందే పరిశీలిస్తారు, అమలు చేయించడం కుదరదనిపిస్తే ఒప్పందంలోకి రానివ్వరు. ముఖ్యమైనది ఇంకోటి: సైట్లలో ఏముండాలో ఏముండకూడదో చెప్పే హామీలు ఒప్పందంలో వద్దని 2024లో ఐకాన్ బోర్డు తేల్చింది. కంటెంట్ జోలికి పోకూడదని ఐకాన్ సొంత బైలాలే చెప్తున్నాయి.

మేనేజర్: అంటే పిల్లల కోసం అని ఎవరైనా ఎక్స్‌టెన్షన్ తెచ్చి, చెత్త ఉండదని రాసిస్తే?

న్యాయవాది: వాళ్ళ సొంత పాలసీలో పెట్టుకోవచ్చు, అమలూ చేసుకోవచ్చు. ఐకాన్ మాత్రం దాన్ని ఒప్పందంలో పెట్టి అమలు చేయించదు.

వ్యాపారి: అప్పుడు కస్టమర్ ఫోన్ చేసేది నాకే!

యాంకర్: ఒక బ్రేక్ తీసుకుందాం. డాట్ షాప్ లాంటి కొత్త ఎక్స్‌టెన్షన్‌లో పేరు కొనేముందు ఐకాన్ సైట్‌లో దాని రిజిస్ట్రీ అగ్రిమెంట్ తెరిచి, చివరి దాకా దిగితే స్పెసిఫికేషన్ 11 కనిపిస్తుంది. బ్రేక్ తర్వాత కాలర్లతో మాట్లాడదాం.