తెల్లవారితే ఆదివారం: స్పౌస్ వీసా ఇంటర్వ్యూలో ఎక్కడ చిక్కుతారు?

నమస్కారం అండీ. భార్యాభర్తల్లో ఒకరు అమెరికా సిటిజన్. రెండోవాళ్ళు ఇక్కడ విజయవాడలోనో గుంటూరులోనో ఉన్నారు. ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ వచ్చింది. ఈ వీడియో వాళ్ళకి. అమెరికాలో దిగేనాటికి పెళ్ళయి రెండేళ్ళు నిండకపోతే సీఆర్1 అనే వీసా, నిండితే ఐఆర్1 అనే వీసా. తయారీ రెండింటికీ ఒకటే.

కౌంటర్ దగ్గర నిలబడేది ఇక్కడున్న మనిషే. అక్కడున్నవాళ్ళు రానక్కర్లేదు. కానీ ఐ-130, అంటే సిటిజన్ వేసే పిటిషన్, నింపింది అక్కడ. డీఎస్-260, అంటే వీసా దరఖాస్తు, నింపింది ఇక్కడ. ఆఫీసర్ రెండూ చూస్తారు. అందుకే వీడియో కాల్‌లో ఇద్దరూ రెండు ఫారాలూ తెరిచి లైను లైనూ చదవండి.

ముందు పెళ్ళి తేదీ. మన ముహూర్తాలు చాలాసార్లు అర్ధరాత్రి దాటాక పడతాయి కదా. శుభలేఖలో "శనివారం రాత్రి 1.48కి, తెల్లవారితే ఆదివారం" అని వేస్తారు. క్యాలెండర్ లెక్కన అది ఆదివారం. ఒకరు శనివారం తేదీ రాసి, ఇంకొకరు ఆదివారం తేదీ రాస్తే అక్కడే ప్రశ్న మొదలవుతుంది. సబ్ రిజిస్ట్రార్ సర్టిఫికెట్‌లో ఉన్న తేదీయే ఫారాల్లోనూ నోట్లోనూ ఉండాలి. సర్టిఫికెట్టే తప్పైతే ముందే దిద్దించుకోండి. గుళ్ళో ఇచ్చిన రసీదు సర్టిఫికెట్ కాదండోయ్.

తర్వాత అడ్రసులు. డీఎస్-260లో పదహారేళ్ళ వయసు నుంచి ఉన్న ప్రతి చోటూ అడుగుతారు. ఇంటర్ హాస్టలు, బీటెక్ హాస్టలు మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. తప్పు దొరికితే దాచొద్దు, ఇంటర్వ్యూ మొదట్లోనే మీరే చెప్పండి.

ఇంటిపేరు సంగతి. పెళ్ళయ్యాక మార్చుకోవాలన్న రూలేమీ లేదు. ఆధార్‌లో మార్చి పాస్‌పోర్టులో వదిలేయడమే తలనొప్పి.

పెద్దలు కుదిర్చిన పెళ్ళైతే సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్ళిచూపులు ఎక్కడ, పెళ్ళయ్యాక ఎన్నాళ్ళు కలిసున్నారు, ఇలాంటివి అడగొచ్చు. మూడు వారాల సెలవులో వచ్చి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోవడం తప్పేం కాదు. ఆ తర్వాత ఏమీ చూపించలేకపోవడమే బలహీనత. ఒకే వారం చాట్ రెండొందల పేజీలు తీయకండి. నెలకి రెండు మూడు పేజీలు, విమానం టికెట్లు, డబ్బు పంపిన బ్యాంకు వివరాలు చాలు. కరిజ్మా ఆల్బమ్ ముంబై దాకా మోయకండి బాబూ! రెండు కుటుంబాలూ కనిపించే ఫొటోలు పదిహేనో ఇరవయ్యో, వెనకాల తేదీ, ఎవరెవరో రాసి. జవాబులు బట్టీ పట్టొద్దు. గుర్తులేనిది గుర్తులేదనే అనండి.

కాగితాలు ఒరిజినల్‌తో పాటు జిరాక్స్. పుట్టిన సర్టిఫికెట్ లేకపోతే టెన్త్ సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి రికార్డు లేదన్న పత్రం, అమ్మానాన్నల అఫిడవిట్లు కూడా కావాలి. పోలీస్ క్లియరెన్స్ పాస్‌పోర్ట్ సేవ నుంచి. మెడికల్ పరీక్ష కాన్సులేట్ వాళ్ళు చెప్పిన ప్యానెల్ డాక్టర్ దగ్గరే. సీలు వేసిన కవర్ ఇస్తే విప్పొద్దు. స్పాన్సర్, అంటే అక్కడున్న సిటిజన్, వైపు నుంచి ఐ-864 (ఖర్చులు నేను భరిస్తానన్న హామీ పత్రం), ట్యాక్స్ ట్రాన్‌స్క్రిప్ట్ (కట్టిన పన్నుల రికార్డు). మామూలుగా ఆదాయం అమెరికా పేదరిక రేఖకి కనీసం 125 శాతం ఉండాలి, లేకపోతే జాయింట్ స్పాన్సర్, అంటే తోడుగా హామీ ఇచ్చే ఇంకొకరు, కావాలి.

221(జీ) స్లిప్పు, అంటే వీసా ఇప్పటికి ఆపామన్న కాగితం, చేతికొస్తే కంగారు పడకండి. ఎక్కువసార్లు ఏదో కాగితం తగ్గిందనే. అడిగినవి ఏడాదిలోపు ఇవ్వకపోతే మాత్రం మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ ఫీజు.