పెద్ద అక్వేరియంకి గ్లాసా, యాక్రిలిక్కా? వైజాగ్ ఫ్లాట్లలో ఉండేవాళ్ల కోసం

నమస్తే అండి. హాల్లో ఆరడుగుల అక్వేరియం పెడదాం అనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఒకటే, యాక్రిలిక్ తేలికంట కదా, అదే తీసుకోమంటారా అని. యాక్రిలిక్ అంటే గ్లాసులా కనిపించే గట్టి ప్లాస్టిక్. తేలికే, కాదనట్లేదు, కానీ ఎంత తేలికో లెక్కేసి చూద్దాం.

(బోర్డు మీద 6 × 2 × 2 ట్యాంకు బొమ్మ)

ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. నిండా పోస్తే దాదాపు 680 లీటర్లు, అంటే నీళ్లే 680 కిలోలు. 12 ఎంఎం గ్లాసుతో కడితే ఖాళీ ట్యాంకు 120 కిలోలు దాటుతుంది, అదే మందం యాక్రిలిక్ అయితే 60 కిలోల లోపు. మొత్తం 800 కిలోల్లో మనకి మిగిలింది ఓ 60 కిలోలు, ఇంక ఇసక, రాళ్లు, స్టాండు ఎలాగూ ఉన్నాయి. స్లాబుకి ఆ తేడా పెద్దగా తెలీదండి. ఇళ్ల గదులకి ఐఎస్ 875 (బిల్డింగులు ఎంత బరువుకి డిజైన్ చేయాలో చెప్పే మన దేశపు కోడ్) చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన లోడ్ తీసుకోమంటుంది, మన ట్యాంకు ఆ 800 కిలోలూ చదరపు మీటరు కంటే కాస్త ఎక్కువ జాగాలో దింపుతుంది. కాబట్టి ఏదైనా సరే గది మధ్యలో వద్దు, కింద బీము ఉన్న గోడ పక్కనే పెట్టండి, ముందు ఇంజనీరుకి చూపించండి.

మోసుకెళ్లడం సంగతి వేరే. ఎంవీపీ కాలనీలోనో మధురవాడలోనో నాలుగో ఫ్లోర్ అనుకోండి, ఆరడుగుల ట్యాంకు లిఫ్టులో పట్టడం కష్టం, మెట్ల మలుపులో తిరగదు. యాక్రిలిక్ ట్యాంకు మామూలుగా తయారై వస్తుంది, దాని అంచులు సాల్వెంటుతో కరిగించి అతికిస్తారు కాబట్టి ఆ పని వర్క్‌షాపులోనే శుభ్రంగా అవుతుంది. గ్లాసు అయితే పలకలు విడివిడిగా పైకి తెచ్చి మీ హాల్లోనే సిలికాన్ జిగురు పెట్టి కట్టేయొచ్చు, పెద్ద పలక ఒక్కోటి 33 కిలోలు, ఇద్దరు మోసేస్తారు. నాకైతే గ్లాసుకి ఉన్న పెద్ద ప్లస్ ఇదే.

మరి యాక్రిలిక్ ఎక్కడ గెలుస్తుంది? ఎత్తు దగ్గర. నీటి ఒత్తిడి ట్యాంకు పొడవుని బట్టి పెరగదు, లోతుని బట్టి పెరుగుతుంది. మన ట్యాంకు ముందు పలక మీద నీళ్ల తోపుడు సుమారు 340 కిలోల బరువంత. ఎత్తు రెండు నుంచి నాలుగడుగులు చేశారంటే అది రెట్టింపు కాదండి, నాలుగింతలు. అక్కడ గ్లాసు మందం, బరువు, అతుకుల మీద భారం అన్నీ పెరిగిపోతాయి. జపాన్‌లో ఒకినావా చురౌమి అక్వేరియం పెద్ద ట్యాంకు ప్యానెల్ 8.2 మీటర్ల ఎత్తు, 22.5 మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల మందం, అది యాక్రిలిక్కే, పలకలు ఒకదానిమీద ఒకటి అతికించి అంత మందం తెచ్చారు. వంపు ట్యాంకు కావాలన్నా యాక్రిలిక్కే సులువు. దెబ్బ తగిలినా గ్లాసు కంటే బాగా తట్టుకుంటుంది, ఇంట్లో బంతులు విసిరే పిల్లలుంటే అది చిన్న విషయం కాదు. అలాగని అస్సలు పగలదనుకోకండి, 2022 డిసెంబర్ 16న బెర్లిన్‌లో హోటల్ లాబీలో ఉన్న ఆక్వాడోమ్ అనే పెద్ద గుండ్రటి అక్వేరియం పగిలి దాదాపు పది లక్షల లీటర్లు బయటికొచ్చేశాయి, అదీ యాక్రిలిక్కే.

(గీతలు పడిన యాక్రిలిక్ షీటు, లైటు పక్కనుంచి వేసి దగ్గరగా చూపించాలి)

ఇప్పుడు అసలు బాధ, గీతలు. మాగ్నెట్ క్లీనర్‌లో (పలకకి లోపల, బయట అయస్కాంతాలతో అతుక్కుని పాచి రుద్దేది) ఒక్క ఇసక రేణువు ఇరుక్కుంటే చాలు, యాక్రిలిక్ మీద పొడుగ్గా గీత పడిపోతుంది. సక్కర్ ఫిష్ నోటితో గీకినా సన్నగా పడతాయి. మనకి సముద్రం వైపు తూర్పు ఫేసింగ్ హాళ్లు ఎక్కువ, పొద్దున్నే ఎండ సూటిగా ట్యాంకు మీద పడితే పాచి గబగబా పడుతుంది, పాచి ఎంత పడితే అంత రుద్దాలి, ఎంత రుద్దితే అన్ని గీతలు. గ్లాసు మీద బ్లేడుతో గీకేయొచ్చు, యాక్రిలిక్ మీద బ్లేడు పెట్టకూడదు, అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ గానీ స్పిరిట్ గానీ అసలు తగలనివ్వకూడదు, సన్నటి పగుళ్లు వచ్చేస్తాయి. యాక్రిలిక్ గీతల్ని పాలిష్ చేసి పోగొట్టొచ్చు, నిజమే, కానీ లోపలి వైపు చేయాలంటే ట్యాంకు ఖాళీ చేయాల్సిందే, చేపలు నిండుగా ఉన్నప్పుడు ఎవరు చేస్తారండీ. గ్లాసుకున్న లోటు ఆ పచ్చటి ఛాయ, ఇనుము వల్ల వస్తుంది, మందం పెరిగేకొద్దీ తెలుస్తుంది, ముందు పలక ఒక్కటి ఎక్స్‌ట్రా క్లియర్ గ్లాసు వేయించుకుంటే సరిపోతుంది. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరిచిన గ్లాసు) వేయిద్దాం అంటే దానికి తర్వాత హోల్ కొట్టలేం, పగిలితే ఒక్కసారిగా పలక మొత్తం ముక్కలైపోద్ది.

సో రెండు, రెండున్నర అడుగుల ఎత్తు వరకు నేను గ్లాసే చెప్తాను, మూడడుగులు దాటితేనో వంపు కావాలంటేనో యాక్రిలిక్.

మిగిలిన డబ్బులు స్టాండు మీద పెట్టండి, ప్లీజ్. మన ఉప్పు గాలికి బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఇనప స్టాండు వెల్డింగుల దగ్గర ముందు తుప్పు పడుతుంది, ఒక కాలు కొంచెం కిందకి దిగినా పలక మెలి తిరిగి మూల పగులుతుంది. రెడ్ ఆక్సైడ్ కొట్టి మంచి పెయింటు వేయించండి, పైన మెరైన్ ప్లైవుడ్, దాని మీద థర్మోకోల్ షీటు. యాక్రిలిక్ అయితే అడుగు మొత్తం ఆని ఉండాలి, అంచులు మాత్రమే ఆనితే కిందకి వంగిపోతుంది.

సిలికాన్ పెట్టాక కనీసం వారం వదిలేయండి, తర్వాత చేపలు లేకుండా నిండా నీళ్లు పోసి రెండు మూడు రోజులు ఉంచండి, అతుకుల వెంట పొడి టిష్యూ పేపర్ పెట్టి చూడండి, ఎక్కడ తడిసినా నీళ్లు తీసేసి ఆ జాయింట్ మళ్లీ కట్టించాకే ఇసక వేయండి.