పసికందు కామెర్లు: బిలిరుబిన్ బయటికి వెళ్లే దారి

నమస్కారం. బిడ్డ పుట్టిన రెండో రోజో మూడో రోజో కళ్లు పచ్చబడితే ఇంట్లో అందరికీ టెన్షన్. నెలలు నిండి పుట్టిన పిల్లల్లో కూడా సగానికి పైగా ఈ పచ్చదనం కనిపిస్తుంది. ఆ పసుపు ఎక్కడ పుడుతుంది, ఎలా బయటికి పోతుంది, ఇది తెలిస్తే పాలు పట్టడం ఎందుకంత ముఖ్యమో అర్థమవుతుంది.

ఎర్ర రక్తకణాలు విరిగినప్పుడు హిమోగ్లోబిన్ నుంచి బిలిరుబిన్ అనే పసుపు పదార్థం తయారవుతుంది. పెద్దవాళ్లలో 120 రోజులుండే కణం పసిపిల్లల్లో 70 నుంచి 90 రోజులే ఉంటుంది. పైగా కణాలూ ఎక్కువే. ఈ బిలిరుబిన్ నీళ్లలో కరగదు. లివర్‌లోని ఒక ఎంజైమ్ దాన్ని కరిగేలా మార్చాలి. పుట్టిన కొత్తలో ఆ ఎంజైమ్ పెద్దవాళ్లలో చేసే పనిలో ఒక శాతం కూడా సరిగా చెయ్యదు.

సరే, లివర్ ఎలాగో కొంత మార్చి, పైత్యరసంతో పేగుల్లోకి పంపింది. పని అయిపోయినట్టేనా? కాదండీ, అసలు చిక్కు ఇక్కడే. పెద్దవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా దాన్ని వేరే పదార్థాలుగా మార్చేస్తుంది, అవి మలంలో పోతాయి. పసికందు పేగుల్లో ఆ బ్యాక్టీరియా ఇంకా చేరలేదు. అక్కడున్న మరో ఎంజైమ్ బిలిరుబిన్‌ని మళ్లీ పాత రూపానికి తెస్తుంది. అది తిరిగి రక్తంలో కలుస్తుంది. నల్లటి తొలి మలం నిండా బిలిరుబినే. అది ఎంత ఆలస్యంగా పోతే అంత వెనక్కి చేరుతుంది.

అందుకే రోజుకి 8 నుంచి 12 సార్లు తల్లిపాలు పట్టమంటారు. పాలు పడితే పేగులు కదులుతాయి, విరేచనమవుతుంది. దయచేసి మంచినీళ్లు, గ్లూకోజ్ నీళ్లు పట్టకండి. వాటితో పొట్ట నిండితే బిడ్డ పాలు తాగడం తగ్గిస్తుంది.

బిలిరుబిన్ మరీ పెరిగితే మెదడుకే ప్రమాదం. అప్పుడు డాక్టర్లు ఫొటోథెరపీ పెడతారు. నీలికాంతి చర్మంలోని బిలిరుబిన్ ఆకారాన్ని మారుస్తుంది. అలా మారింది లివర్ ఎంజైమ్‌తో పని లేకుండానే పైత్యరసంలో, మూత్రంలో పోతుంది. ఎండలో పడుకోబెట్టడం దీనికి బదులు కాదు.

మొదటి 24 గంటల్లోనే పచ్చబడినా, బిడ్డ మత్తుగా ఉండి పాలు తాగకపోయినా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. మలం తెల్లగా పాలిపోయి, మూత్రం ముదురు పసుపులో వస్తుంటే పైత్యనాళాలు మూసుకుపోయాయేమో చూడాలి. వాటికి ఆపరేషన్ అవసరమైతే, బిడ్డకి 60 రోజులు నిండకముందే జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది.